ఎవరు చెప్పిరి? ఎట్లు తెలిసెను?

మన పాఠశాల వార్షికోత్సవమునకు ముందు జరుగు విజ్ఞాన పరీక్షకు గత సంవత్సరము ప్రశ్నలు కూర్చు పని నా పాలబడినది. ఇరువదియైదు ప్రశ్నలు వ్రాసితిని. అందొకటి యిది: "అంతరిక్షమునకు వెళ్లిన మొదటి తెలుగువారెవరు? ఏ సంవత్సరము?" జవాబుల కాగితములో "బండ్ల శిరీష, 2021" అని వ్రాసి యుంచుకొంటిని. బాలబాలికలలో పెక్కుమంది యట్లే వ్రాసిరి. పదవ తరగతి బాలిక యొకతె మాత్రము ఇట్లు వ్రాసినది: "అంతరిక్షము 80 కిలోమీటర్ల యెత్తున మొదలగునన్నచో శిరీషగారు, 2021 జూలై. 100 కిలోమీటర్ల యెత్తున మొదలగునన్నచో వారు అంత యెత్తునకు పోలేదు. కావున ప్రశ్నలో కొలత చెప్పవలెను."

నేను ఆ జవాబును రెండవమాఱు చదువలేదు. ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీచి సున్న వేసితిని. ఆ యొక్క మార్కు లోటుచేత ఆ బాలిక రెండవ స్థానమునకు దిగినది. మొదటి బహుమతిగా నేర్పాటు చేసిన నిఘంటువు వేఱొకరికి పోయినది.

రెండు దినములు గడచిన పిమ్మట ఆమె ఒక నోటుపుస్తకము చేతబట్టుకొని ఉపాధ్యాయుల గదికి వచ్చినది. "మాస్టరుగారూ, మార్కు కొఱకు రాలేదండి. నేను వ్రాసినది తప్పయినచో ఎక్కడ తప్పినానో తెలిసికొనవలెనని వచ్చినాను," అనినది. "పత్రికలన్నియు అట్లే వ్రాసినవి గదా, అమ్మా," అంటిని. "పత్రికలకు ఎవరు చెప్పినారండి?" అని ఆమె అడిగినది. ఆ మాటలో ధిక్కారము లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలియనిది తెలిసికొనగోరు బిడ్డ అడుగు ప్రశ్నయే అది. కాని ఇరువది సంవత్సరములకు మించి బోధనలో నున్న నాకు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ప్రశ్నపత్రము కూర్చు పద్ధతిని ప్రత్యేకముగ నేర్చుకొన్న నాకు, దానికి జవాబు దొరకలేదు. నాటి సాయంకాలము మొదలుకొని ఈ విషయమును విచారింప నారంభించితిని. ఆ విచారణలో నేను నేర్చుకొన్నదానిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, నాతోడి ఉపాధ్యాయులకును విన్నవించుటకే ఈ వ్యాసము.

ముందుగా ఆ నౌకను గుఱించి నాలుగు మాటలు. అది ప్రభుత్వపు నౌక కాదు. ధనము పుచ్చుకొని మనుష్యులను పైకి తీసికొనిపోవు వ్యాపారమునకై వర్జిన్ గెలాక్టిక్ అను సంస్థ నడపిన నౌక. దాని పేరు యూనిటీ. "ఈవ్" అను పెద్ద విమానము తన రెండు దేహముల నడుమ ఈ నౌకను మోసికొని సుమారు 14 కిలోమీటర్ల యెత్తునకు పోయి అచ్చట విడిచిపెట్టును. అంతట నౌక తన రాకెట్టును సుమారొక నిమిషము మండించుకొని నిట్టనిలువుగ పైకెగయును. రాకెట్టు ఆరిన తరువాత కొలది నిమిషములు లోపలివారికి తమ బరువు తెలియదు. దిగునపుడు నౌక తన తోకభాగమును పైకి మడచుకొని, బాడ్మింటను ఆటలోని యీకలబంతివలె గాలికి అడ్డుపడుచు దిగివచ్చును. తుదకు తోకను మరల సరిచేసికొని, గ్రద్దవలె రెక్కలపై జాఱుచు, విమానములు దిగు బాటపైననే దిగును.

2021 జూలై 11వ తేదీన అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమునుండి ఆరుగురు ఆ నౌకలో పైకి పోయివచ్చిరి. ఇద్దరు చోదకులు, తక్కిన నలుగురిలో సంస్థ స్థాపకుడైన రిచర్డ్ బ్రాన్సన్ ఒకరు, ఆ సంస్థలోనే ఉద్యోగము చేయుచుండిన శిరీషగారొకరు. ఫ్లారిడా విశ్వవిద్యాలయమువారు సిద్ధపఱచిన మొక్కల ప్రయోగమును ఆమె ఆ కొలది నిమిషములలో స్వహస్తములతో జరిపెను. ఇందులో సందేహమునకు తావు లేదు. నౌక చేరిన యెత్తు సుమారు 86 కిలోమీటర్లు. ఇందును వివాదము లేదు. చిక్కంతయు తరువాతి మాటలో నున్నది. 86 కిలోమీటర్ల యెత్తు అంతరిక్షమా, కాదా?

భూమిని చుట్టియున్న గాలి ఒకచోట గోడవలె నిలిచిపోవునది కాదు. పైకి పోయినకొలది పలుచబడుచు పోవును. కావున "ఇచ్చటినుండి అంతరిక్షము" అను గీత మనుష్యులు గీచుకొన్నదే గాని ప్రకృతి గీచినది కాదు. అమెరికా వైమానిక దళమును, విమానయాన శాఖయు 50 మైళ్లను, అనగా సుమారు 80 కిలోమీటర్లను, హద్దుగ గైకొన్నవి. ఆకాశయానములోని రికార్డులను నమోదుచేయు అంతర్జాతీయ సమాఖ్య 100 కిలోమీటర్లను హద్దుగ గైకొన్నది. ఆ గీతకు థియొడోర్ వాన్ కార్మన్ అను శాస్త్రజ్ఞుని పేరు పెట్టిరి.

హద్దు మాఱినచో లెక్క యెట్లు మాఱునో తెలుపుటకు పాత కథ యొకటి కలదు. 1960వ దశకమున అమెరికావారి ఎక్స్-15 అను రాకెట్టు విమానమునెక్కి ఎనిమిదిమంది చోదకులు 50 మైళ్ల యెత్తును దాటిరి. వారిలో సైనికోద్యోగులైన వైమానిక దళమువారికి వ్యోమగాముల బిళ్ల ఆనాడే లభించెను. అదే విమానమునెక్కి అదే యెత్తును దాటిన ముగ్గురు పౌరచోదకులకు మాత్రము 2005వ సంవత్సరము వఱకును లభింపలేదు. అప్పటికి ఆ ముగ్గురిలో నిద్దరు కాలధర్మము నొందియుండిరి. విమానమొక్కటే, ఆకాశమొక్కటే. లెక్క వ్రాయువారు వేఱగుటచేత గౌరవమును వేఱయ్యెను.

శిరీషగారి ప్రయాణమునకు రెండు దినములు ముందుగా, అనగా జూలై 9న, పోటీసంస్థయైన బ్లూ ఆరిజిన్ ఒక ప్రకటన చేసెను. తమ న్యూ షెపర్డ్ నౌక 100 కిలోమీటర్ల గీతను దాటుననియు, కావున తమ ప్రయాణికుల పేర్ల ప్రక్కన అనుమానపు చుక్కగుర్తు ఉండబోదనియు అందలి సారాంశము. ఆ సంస్థ నౌక 100 కిలోమీటర్లు దాటగలదు గనుక ఆ గీతను మెచ్చుకొనెను. వర్జిన్ గెలాక్టిక్ నౌక 80 కిలోమీటర్లు దాటగలదు గనుక ఆ సంస్థ ఈ గీతను మెచ్చుకొనెను. ఇద్దఱిలో నెవరును అబద్ధమాడలేదు. కాని ఇద్దఱును తమ సరకునకు తగిన మానికతోనే కొలిచిరి. కొనువాడు మానికను తిరుగవేసి చూడవలదా?

ఇపుడు మన ప్రశ్నకు వత్తము. 80 కిలోమీటర్లు హద్దయినచో శిరీషగారి పేరు వచ్చును. 100 కిలోమీటర్లు హద్దయినచో, 2021 నవంబరులో స్పేస్ఎక్స్ సంస్థవారి క్రూ డ్రాగన్ నౌకలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు పోయిన రాజా చారిగారి పేరు ముందుకు వచ్చును. వారి తండ్రిగారు హైదరాబాదునుండి వలసపోయినవారు. వారు మాత్రము అమెరికాలో పుట్టి పెరిగినవారు. తెలుగునేలపై జన్మించియుండవలెను, 100 కిలోమీటర్లును దాటవలెను అన్నచో, విజయవాడలో జన్మించి, 2024 మే 19న న్యూ షెపర్డ్ నౌకలో పైకి పోయివచ్చిన తోటకూర గోపీచందుగారి పేరు చెప్పవలసి వచ్చును. ప్రశ్న యొక్కటి, జవాబులు మూడు. "అంతరిక్షము", "తెలుగువారు" అను రెండు మాటలకు హద్దు చెప్పకుండ ప్రశ్న వేసినది నేను. హద్దు అడిగినది ఆ బాలిక. సున్న ఎవరికి రావలసినదో చదువరులే నిర్ణయింపగలరు.

కొలతను గుఱించిన పాఠము ఇది. వార్త చెప్పువానిని గుఱించిన పాఠము వేఱొకటి కలదు. పూర్వము అంతరిక్షయానములన్నియు ప్రభుత్వములే నడపెడివి. నేడు వ్యాపారసంస్థలును నడపుచున్నవి. అది తప్పు కాదు. కాని సంస్థ నౌకను నిర్మించును, నడపును, టిక్కెట్లమ్మును, వాటాలమ్మును. ఆ నౌకను గుఱించిన మొదటి వార్తను, మొదటి చిత్రమును లోకమునకు పంపునదియు చాలమాఱు ఆ సంస్థయే. ఆట ఆడువాడును, దండోరా వేయువాడును ఒక్కడే యగుచున్నాడు. పెరుగమ్మువాడు తన పెరుగు పులిసినదని చెప్పునా? అతని మాటను త్రోసివేయ నక్కఱలేదు. రుచి చూచి కొనిన చాలును.

ఇందుకు తార్కాణములు ఈ ప్రయాణములోనే యున్నవి. బ్రాన్సన్‌గారు సైకిలెక్కి నౌకాకేంద్రమునకు వచ్చినట్లు ఒక దృశ్యమును ప్రయాణదినమున సంస్థ ప్రపంచమునకు చూపెను. ఆ యుదయమే ఆయన అట్లు వచ్చెనని పత్రికలును వ్రాసినవి. ఆ దృశ్యము జూలై 5వ తేదీననే తీసినదని కొలది దినములకు సంస్థ ప్రతినిధి ఒప్పుకొనగా, రాయిటర్స్ వార్తాసంస్థ తన వార్తను సవరించుకొనెను. సైకిలు సంగతి చిన్నది. దానివలన నెవరికిని హాని కలుగలేదు. కాని కన్నులార చూచితిమి గనుక సత్యమే యని మనమనుకొనిన దృశ్యములో తేదీయే వేఱని తేలినది. చేతిఫోనులో ఒక చిత్రము చూచి "ఇదిగో రుజువు" అని కేకవేయు బాలబాలికలు దీనిని మనసున నుంచుకొందురుగాక. చిత్రము చూపినది నిజమే కావచ్చును. ఎప్పటిది, ఎక్కడిది, ఎవరు తీసిరి అను మూడు ప్రశ్నలకు చిత్రము తనంతట తాను జవాబు చెప్పదు.

రెండవది ఇంతకంటె పెద్దది. ప్రయాణము జయప్రదముగ ముగిసినదని జూలై 11న లోకమంతయు సంతోషించినది. ఏడు వారములు గడచి, సెప్టెంబరు 1న, ది న్యూయార్కర్ అను పత్రిక ఒక వార్తను ప్రకటించెను. నౌక దిగివచ్చునపుడు తనకు కేటాయించిన గగనభాగమును మీఱినదని అందుండెను. పత్రిక చిత్రించిన తీరును సంస్థ ఖండించినది. కాని 1 నిమిషము 41 సెకనులపాటు నౌక ఆ హద్దునకు వెలుపల నుండినమాట నిజమని ఒప్పుకొన్నది. మఱునాడే అమెరికా విమానయాన శాఖ ఆ నౌకను ఎగురనీయక ఆపివేసెను. విచారణ జరిపి, ఆ సంగతిని సంస్థ తమకు నియమానుసారముగ తెలుపలేదని చెప్పి, కొన్ని మార్పులు చేయించి, సెప్టెంబరు 29న తిరిగి అనుమతి నిచ్చెను. ఈ కథలో ముగ్గురు సాక్షులు కలరు: సంస్థ, పత్రిక, ప్రభుత్వశాఖ. మొదటివాని మాటతో నిలిచినవారికి సగము తెలిసినది. మూడవవాని మాట వఱకు ఓపికపట్టినవారికి తక్కినదియు తెలిసినది.

ఓపిక యనగా నేమో బోధించు సంగతి ఇంకొకటి గలదు. అది దుఃఖకరమైనది. యూనిటీకి ముందు అదే జాతికి చెందిన ఎంటర్‌ప్రైజ్ అను నౌక 2014 అక్టోబరు 31న కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిపై పరీక్షాయానములో ముక్కలైపోయెను. చోదకులిద్దరిలో పీటర్ సీబోల్డ్ పారచూటుతో బ్రతికి బయటపడెను. మైకేల్ ఆల్స్‌బరీ మరణించెను. ఆ దినమున రాకెట్టులో కొత్తరకపు ఇంధనమును మొదటిసారి ఆకాశమున వాడిరి. ఇంక చెప్పనేల? ఇంధనమే పేలినది, యంత్రమే బ్రద్దలైనది అని పలువురు తీర్పు చెప్పివేసిరి. ఊహ సహేతుకముగనే కనబడినది. కాని రెండు దినములలోనే, అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలివారు ఎడారిలో పడియున్న శకలములను చూచి, యంత్రమును ఇంధనపు తొట్లును పగులలేదని ప్రకటించిరి.

ఆ మండలి పూర్తి తీర్పు వచ్చునప్పటికి తొమ్మిది నెలలు పట్టినది. 2015 జూలై 28న వారు చెప్పినది యిది: నేను పైన వర్ణించిన తోక మడత యున్నది గదా, దానిని బిగించియుంచు గొళ్లెమును ఆల్స్‌బరీ చాల ముందుగ తెఱచెను. నౌక ధ్వనివేగమునకు 1.4 రెట్ల వేగము నందుకొన్న పిమ్మట తెఱవవలసినదానిని సుమారు 0.8 రెట్ల వేగముననే తెఱచుటచేత, గాలి తాకిడికి తోక తనంత తానే మడతపడి నౌక చీలిపోయెను. మండలివారు అంతటితో చాలించి నేరమును మృతునిపై మోపి లేచిపోలేదు. మనుష్యుడన్నవాడు ఎపుడో యొకపుడు పొరపడును. ఒక్క పొరపాటుతో నౌకయంతయు నశించునట్లు నిర్మించి, అట్టి పొరపాటు జరుగవచ్చునని ముందుగ ఎంచకుండుట నిర్మించిన సంస్థయొక్క లోపమని స్పష్టముగ వ్రాసిరి. మొదటి దినమున తీర్పు చెప్పినవారు యంత్రమును నిందించి పొరపడిరి. తీర్పులో మొదటి వాక్యము మాత్రము చదివినవారు చనిపోయినవానిని నిందించి సగము సత్యముతో ఆగిపోయిరి. కడవఱకు చదివినవారికే న్యాయము తెలిసినది.

ఇక పత్రికల సంఖ్యను గుఱించి. "పత్రికలన్నియు వ్రాసినవి గదా" అని నేను బాలికతో అన్నమాట నన్ను చాల దినములు బాధించినది. శిరీషగారిని గుఱించి నేను దాచుకొన్న నాలుగు కత్తిరింపులను బల్లపై ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. మూడింటిలో వాక్యములు సైతము ఒక్కటియే. ఒకచోట వ్రాసినదానిని తక్కిన రెండుచోట్ల దించివేసిరి. నలుగురు సాక్షులని నేననుకొన్నది ఇద్దఱే యయినది. పరీక్షలో ఒకని కాగితము చూచి ముగ్గురు వ్రాసినచో ఆ జవాబు మూడురెట్లు సరియైనదగునా? ఆమె జన్మస్థలము గుంటూరని కొందరు, చీరాల యని కొందరు వ్రాసిరి. ఇట్టిచోట ఏ పక్షమున నెన్ని పత్రికలున్నవని చేతులెత్తించుట వ్యర్థము. తాతలనాటి యూరును, పుట్టిన యూరును కలగలిపి వ్రాయుట మన దేశమున సర్వసామాన్యము. ఇట్టిదానిని ఇంటివారిమాట తేల్చవలెనే గాని పత్రికల లెక్క తేల్చదు.

కొన్ని చోట్ల రెండు మాటలును నిజమే యగుచుండును. ఆమెను కొందరు "మూడవ స్త్రీ" అనియు, కొందరు "రెండవ స్త్రీ" అనియు వ్రాసిరి. భారతసంతతి స్త్రీల లెక్కలో కల్పనా చావ్లా, సునీతా విలియమ్స్ గారల తరువాత ఆమె మూడవవారు. భారతదేశమున జన్మించిన స్త్రీల లెక్కలో రెండవవారు. ఏలయన కల్పనగారు హర్యానాలోని కర్నాలులో పుట్టినవారు గాని, సునీతగారు అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున పుట్టినవారు. అట్లే రాజా చారిగారి నౌక బయలుదేఱినది 2021 నవంబరు 10 అని ఒకచోట, నవంబరు 11 అని వేఱొకచోట చదివి విద్యార్థులు తగవులాడుకొందురు. అమెరికా తూర్పుతీరమున 10వ తేదీ రాత్రి తొమ్మిది దాటిన వేళకు మన దేశమున 11వ తేదీ తెల్లవాఱి ఏడున్నర దాటియుండెను. ఇద్దఱును గెలిచిరి. సూర్యుడొక్కచోట నుండగా గడియారములు వేఱుగ నుండుటయే తగవునకు కారణము.

సత్యమునకు తేదీ కూడ నుండును. యూనిటీ నౌక 2024 జూన్ 8న తుది ప్రయాణము చేసి విశ్రమించినది. 2021 నాటి కత్తిరింపు చేతబట్టుకొని "ఈ నౌక నేడు మనుష్యులను తీసికొనిపోవుచున్నది" అని వ్రాయు విద్యార్థి, కత్తిరింపులో నున్నది ఉన్నట్లే వ్రాసియు తప్పు వ్రాసినవాడగును.

నా విచారణను విన్న మిత్రులొకరు నన్ను మందలించిరి. "మన తెలుగుబిడ్డ ఒకతె అంత సాహసము చేసినది. ఆమె పోయిన యెత్తును టేపు పెట్టి కొలుచుట మీకేల? పిల్లల ఉత్సాహమును చల్లార్చెదరా?" అనిరి. ఈ మాటను నేను తేలికగా తీసికొనలేదు. కాని నాకు తోచినది యిది. శిరీషగారు నిప్పులు క్రక్కు రాకెట్టుపై 86 కిలోమీటర్ల యెత్తునకు పోయివచ్చిరి. అదే జాతి నౌక ఏడేండ్లకు పూర్వము ముక్కలై ఒక మనుష్యుని బలిగొన్నదని తెలిసియుండి పోయిరి. ఈ సత్యము ఎవరి గౌరవమునకు తక్కువ? ఉన్న యెత్తునకు మఱి పదునాలుగు కిలోమీటర్లు మనము అరువుతెచ్చి కలిపినచో, నిజము తెలిసిన దినమున వినువాడు ఆ పదునాలుగుతోపాటు ఎనుబదియాఱును కూడ నమ్మక పోవును. మన వారిపై గల ప్రేమయే మనలను అజాగ్రత్త సాక్షులుగ చేయును. పరులను గుఱించిన వార్తను పదిమాఱులు ప్రశ్నింతుము. మనవారిని గుఱించిన పొగడ్తను ఒక్కమాఱును ప్రశ్నింపము. నేను చేసిన తప్పు సరిగ నిదియే.

వేఱొక యుపాధ్యాయులు, "పెద్దలు చెప్పినదానిని పిల్లలు ఎదురు ప్రశ్నింప నేర్చినచో బడిలో క్రమశిక్షణ యెట్లు నిలుచును?" అనిరి. ప్రశ్న అడుగుట వేఱు, ఎదిరించుట వేఱు. ఆ బాలిక నా గదిలో నిలిచి వినయముగ అడిగినది. నేను పొరపడితినని తెలిసిన పిమ్మట కూడ తోడివారియెదుట ఆ మాట ఎత్తలేదు. క్రమశిక్షణ ఇంతకంటె మిన్నగ నెక్కడ నుండును? ఆమె యడిగినదానివలన నా గౌరవము పోలేదు. అడిగియుండకపోయినచో ప్రతి సంవత్సరమును అదే ప్రశ్నను, అదే జవాబును పిల్లల నెత్తిన రుద్దుచుండెడివాడను.

అయితే మూడవ ప్రమాదమొకటి యున్నది. దీనినుండి విద్యార్థులను హెచ్చరింపక తప్పదు. కొందరు ఒక పత్రిక పొరపడినదని తెలియగనే, "అంతయు బూటకమే, ఎవరును పైకి పోలేదు, అన్నియు బొమ్మలాటలే" అని వాదింప మొదలిడుదురు. ఇది విచారణ కాదు; ఇది సోమరితనమునకు మఱియొక పేరు. అంతయు నమ్మువాడును పని చేయడు, ఏదియు నమ్మనివాడును పని చేయడు. సైకిలు దృశ్యమునకు తేదీ తప్పినంతమాత్రమున నౌక ఎగురలేదనుట తగదు. నౌక హద్దు మీఱినదని మనకెట్లు తెలిసెను? పత్రిక వ్రాసెను, శాఖ విచారించెను, సంస్థయు ఒప్పుకొనెను. తప్పును బయటపెట్టినవారును సాక్షులే. సాక్షులను తూచుట నేర్చినవాడే విద్యావంతుడు.

తూచుట యెట్లు? నాకు తెలిసినంతలో చెప్పెదను. వార్త నొకదానిని చదివినపుడు ముందుగా దానిని చెప్పినవాడెవడో చూడుడు. పేరు లేని మాటకు జామీను లేదు. అతడు స్వయముగ చూచి చెప్పెనా, విని చెప్పెనా, ఇంకొకరు వ్రాసినదానిని దించి చెప్పెనా యని తెలిసికొనుడు. ఆ మాటవలన అతనికి లాభమున్నదా యని యోచింపుడు. లాభమున్నంతమాత్రమున మాట అబద్ధము కాదు గాని, లాభము లేని రెండవ సాక్షిని వెదకవలసిన బాధ్యత మీపై పడును. "మొదటి", "అందఱికంటె", "ఎన్నడును లేని" అను మాటలు కనబడినపుడు ఏ కొలతతో నని అడుగుడు. తుదకు తేదీని చూడుడు. ఇవన్నియు చేయుటకు గొప్ప గ్రంథాలయ మవసరము లేదు. ఒక కాగితము, ఒక పెన్సిలు, కొంచెము ఓపిక చాలును. ఇంట ఫోనుండి, వచ్చిన ప్రతి వార్తను బంధువులకు పంపు అలవాటు గల తలిదండ్రులకును నేనిదే మనవి చేయుచున్నాను. పంపుటకు ముందు బిడ్డను పిలిచి, "ఇది ఎవరు చెప్పిరో చూడుమమ్మా" అని యడుగుడు. ఆ యొక్క మాటతో వారికొక పాఠము చెప్పినవారగుదురు.

నేను చేయవలసినదియు కొంత యున్నది. ప్రార్థన సమావేశమున విద్యార్థులందఱి యెదుట నా తప్పును చెప్పుకొని ఆ బాలిక మార్కును సరిచేసితిని. బహుమతి నందుకొనిన విద్యార్థి దోషమేమియు లేదు గనుక అతని నిఘంటువును తిరిగి తీసికొనలేదు. ప్రధానోపాధ్యాయులవారు దయతో రెండవ నిఘంటువును తెప్పించిరి. ఇకముందు విజ్ఞాన పరీక్షలో ప్రతి జవాబు క్రిందను "ఇది నాకెట్లు తెలిసెను?" అని ఒక గీతయంత చోటు విడిచి, అందు వ్రాసినదానికి సగము మార్కు లీయవలెనని నా యభిప్రాయము. "పుస్తకములో చదివితిని" అన్నచో ఏ పుస్తకమో వ్రాయవలెను. "మాస్టరుగారు చెప్పిరి" అన్నచో, ఆ మాస్టరుగారిని కూడ అడుగవచ్చును. దిద్దుటకు ఎక్కువ కాలము పట్టునని నాతోడివారు శంకింతురు. పట్టును. కాని ఇరువదియైదు ప్రశ్నలు తొందరగ దిద్దుటకంటె పది ప్రశ్నలు నిదానముగ దిద్దుట మేలని ఎఱ్ఱసిరాతో గీచిన ఆ యడ్డగీత నాకు నేర్పినది.

ఈ వ్యాసములో ఎన్నో తేదీలు, అంకెలు, పేర్లు వ్రాసితిని. విద్యార్థులు వీనిని సైతము నా మాటగ నమ్మక పరిశీలింపుదురుగాక. తప్పు కనుగొన్నవారు నోటుపుస్తకము చేతబట్టుకొని ఉపాధ్యాయుల గదికి రావచ్చును. ఈమాఱు రెండవసారి చదివిన తరువాతనే కలము తీయుదును.